బావ అడిగిన సూపు

కుట్టుమిషను బల్ల మీద నుంచి,
ఫిబ్రవరి 3

చిన్నోడికి,

అక్క రాసేది. ఎలా ఉన్నావని అడగను. ఉత్తరం రాయడానికి బద్ధకించేవాడు బాగానే ఉండి ఉంటాడు. ఫోన్ చేస్తే మీ హోటలు వంటగదిలో గిన్నెల మోత తప్ప నీ మాట ఒక్కటీ వినబడదు. పైగా ఇక్కడ గోడలు పలచన. నేనేం మాట్లాడినా పక్క గదిలో మీ బావ చెవిన పడుతుంది. అందుకే ఈ కాగితం. మీ బావతో పనిచేసిన డ్రైవరు రేపు మీ ఊరు బస్సు తీసుకెళ్తున్నాడు, ఆయన చేతికిస్తున్నాను.

గొంతుకి రేడియేషన్ అయిపోయి నెలన్నర. గడ్డ కరిగిపోయిందన్నాడు డాక్టరు. సంతోషించడానికి ఓపిక లేక తలూపి ఊరుకున్నాను. ఇప్పుడు బాధంతా తిండితో. రోజుకి నాలుగు చెంచాల పాలు, రెండు చెంచాల పండు గుజ్జు. ఆ ఆరు చెంచాలకీ నాకు తల ప్రాణం తోకకొస్తోంది. డెబ్బై రెండు కిలోల మనిషి యాభైకి దిగారు. ఏప్రిల్ ఆఖర్న తూకం చూస్తారట. నలభై ఎనిమిదికి తగ్గితే పొట్టకి గొట్టం పెట్టి, తిండి అందులోంచి పోస్తారట. మీ బావ పలక మీద రాసి చూపించారు: “గొట్టం పెడితే ఇక నేను భోజనాల బల్ల దగ్గర కూర్చోను.” మాట్లాడితే నొప్పి కదా, పలక కొన్నాం.

ఏం తింటారో చెప్పండి, ఆకాశంలో ఉన్నా తెస్తాను అన్నాను. చాలాసేపు ఆలోచించి రాశారు: “మీ తమ్ముడి హోటల్లో సూపు.”

ఆ బస్సు నడిపిన పదకొండేళ్ళూ మీ హోటలు ముందు ఇరవై నిమిషాలు ఆపేవారు కదా, అప్పుడు తాగేదట. తెల్లగా, చిక్కగా, కోడిమాంసం పీచులు, మధ్యలో మెత్తటి ఉండలు. దూది ఉండలు అంటారు ఆయన. నేను దాన్ని కళ్ళతో కూడా చూడలేదు. నువ్వు రోజూ చేసేదే కాబట్టి ఎలా చెయ్యాలో ఒక్క అక్షరం వదలకుండా రాసి పంపు. నాకు ఇంకేం అక్కర్లేదు.

మీ అక్క

*

హోటలు వెనక మెట్ల మీద నుంచి,
ఫిబ్రవరి 11

అక్కకి,

దీనికా ఇంత దిగులు? ఇరవై ఏళ్ళుగా గరిటె పట్టుకున్న తమ్ముడు ఉండగా నీకేం తక్కువ? హోటలు రహస్యం రాస్తున్నాను, మూడో కంటికి తెలియనివ్వకు.

కోడిమాంసం ఉడికించి పీచులుగా తీసుకో. ఆ నీళ్ళలో పాలు, మీగడ పొయ్యి. మైదా కలిపితే చిక్కబడుతుంది. ఉండలకి బంగాళదుంపలు ఉడకబెట్టి, సగానికి సగం మైదా వేసి ముద్ద చెయ్యి. చిన్న చిన్న ఉండలు చేసి సూపులోనే వేసి ఒక అరగంట ఉడికించు. క్యారెట్టు తురుము, పాలకూర, మిరియాల పొడి, ఉప్పు తగినంత. అంతే. మొదటి గిన్నెకే బావ లేచి బస్సెక్కేస్తాడు, చూస్తూ ఉండు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. నడుము నొప్పి. మిగతాదంతా మామూలే. బావని అడిగానని చెప్పు.

చిన్నోడు

*

వంటగదిలో నిలబడి,
ఫిబ్రవరి 20

చిన్నోడికి,

మీ హోటలు రహస్యం రహస్యంగానే ఉండిపోయింది. పాలు విరిగాయి. ఉండలు అరగంటలో కరిగి మాయమయ్యాయి. చివరికి మిగిలినదానితో గోడలకి కాగితాలు అంటించుకోవచ్చు. మీ బావ ఒక చెంచా మింగి, నా చెయ్యి తట్టి, పడుకున్నారు. ఆయన ఏమైనా అంటే పోట్లాడొచ్చు. చెయ్యి తడితే ఏం చెయ్యను?

మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. నలభై తొమ్మిదిన్నర ఉన్నారు ఇవాళ.

పాలు ఎప్పుడు పొయ్యాలి? మంట పెద్దదా, సన్నదా? ఉండ ఎంత ఉండాలి, గోళీకాయంతా, నిమ్మకాయంతా? మైదా పచ్చిదే వెయ్యాలా? సూపు మాట ఎత్తితే చాలు మీ బావ కళ్ళు మూసుకుంటారు, నువ్వేమో కరెంటు బిల్లు చదివినట్టు రాశావు. నీ చేతి పనే కదరా, కాస్త వివరంగా రాయలేవా?

పదహారు పరదాలు కుట్టి ఇవ్వాల్సినవి అలాగే ఉన్నాయి. కొట్టు ఆవిడ రోజూ కబురు పెడుతోంది. ఒక కన్ను మిషను మీద, ఒక కన్ను గిన్నె మీద. త్వరగా రాయి.

మీ అక్క

*

హోటలు వెనక మెట్ల మీద నుంచి,
మార్చి 3

అక్కకి,

ఆలస్యమైంది, ఏమనుకోకు. ఉండలు కరిగాయంటే పిండి చాలలేదన్నమాట. మైదా ఇంకా వెయ్యి. రొట్టె పిండిలాగా బాగా పిసుకు, ఎంత పిసికితే అంత మంచిది. గట్టిగా నిలబడాలి. సైజు నిమ్మకాయలో సగం ఉండనీ. పాలు సన్న మంట మీద.

ఇంతకన్నా రాయడానికేమీ లేదు. చేతి అలవాటు మీద నడిచే పని, కాగితం మీద పెట్టాలంటే రాదు.

చిన్నోడు

*

ఇంటి నుంచి,
మార్చి 9

ఉండలు గట్టిగా నిలబడ్డాయి. ఒకటి మీ బావ గొంతులో నిలబడింది.

మొన్న మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చున్నారు, ముచ్చటపడి రెండో చెంచా తనే తీసుకున్నారు. నేను సంబరపడి నీళ్ళకోసం వెనక్కి తిరిగాను. తిరిగి చూసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. వీపు మీద కొట్టాను, అరిచాను. పై అంతస్తులో ఉండే, లిఫ్టులు బాగుచేసే ఆయన పరుగున వచ్చి, వెనక నుంచి పట్టుకుని పొట్ట మీద నొక్కాడు. ఉండ బయటపడింది. చేతిలోకి తీసుకుని చూశాను. రబ్బరు గుండీలాగా ఉంది.

అప్పటినుంచి ఆయన నోరు తెరవడం లేదు. చెంచా చూస్తే తల తిప్పుకుంటున్నారు. పాలు కూడా భయమే. నలభై ఎనిమిదీ ఆరు వందల గ్రాములు.

ఒక్క సంగతి అడుగుతున్నాను. ఆ సూపు నువ్వు ఎప్పుడైనా నీ చేత్తో చేశావా? అవునో కాదో రాయి. వేరే ఏమీ రాయకు.

అక్క

*

నా గదిలోంచి,
మార్చి 13

అక్కా,

కాదు.

వేరే ఏమీ రాయొద్దన్నావు. కానీ రాయకపోతే నాకు ఊపిరాడదు. తిడితే తిట్టు.

ఆ సూపు మా హోటల్లో ఎవరూ చెయ్యరు. గడ్డకట్టి, సంచుల్లో వస్తుంది. వారానికోసారి చల్లబండి వచ్చి పెట్టెలు దింపి వెళ్తుంది. నా పని సంచిని వేడినీళ్ళలో వెయ్యడం, కత్తెరతో మూల కత్తిరించడం, గిన్నెలో పొయ్యడం, పైన రెండాకులు వెయ్యడం. పులుసులూ అంతే, మాంసం ముక్కలూ అంతే. పన్నెండేళ్ళుగా నేను గరిటె కన్నా కత్తెరే ఎక్కువ పట్టుకున్నాను. చేరినప్పుడు నిజంగానే వండేవాళ్ళం. తర్వాత యజమాని మారాడు, సంచులొచ్చాయి. నేను అక్కడే ఉండిపోయాను.

నువ్వు అందరికీ ‘మా తమ్ముడు పెద్ద హోటల్లో పెద్ద వంటవాడు’ అని చెప్పుకుంటావు. పొడుగు టోపీ పెట్టుకున్న నా ఫోటో మీ గుమ్మం ఎదురుగా తగిలించావు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడు నిజం రాయడానికి మొహం చెల్లలేదు. అందరూ చేసే సూపేగా, ఊహించి రాస్తే సరిపోతుందనుకున్నాను. నువ్వు మళ్ళీ అడిగావు. నేను మళ్ళీ కోతలు కోశాను. రెండోసారి రాస్తుంటే నాకే తెలుసు, అది నాకు తెలియని విషయమని.

పోనీ ఒక సంచి దొంగిలించైనా పంపుదామంటే అదీ లేదు. ఆ సూపు రావడం ఆగిపోయి ఏడు నెలలైంది. సామాన్ల గదిలో దాని ఖాళీ అట్టపెట్టె ఒకటి చెంచాలు పెట్టుకోవడానికి వాడుతున్నారు. దాని మీద అందులో ఏమేం వేశారో వరసగా అచ్చేసి ఉంది. చెంచాలు తీసి పక్కన పెట్టి, చించి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా దగ్గరున్నదల్లా ఆ అట్టముక్క, నా నాలిక. రుచి మాత్రం నాకు గుర్తుంది. పన్నెండేళ్ళు మిగిలిన అడుగు నాకి బతికాను.

బావకి ఏమైనా అయి ఉంటే? లెంపలు వేసుకుంటే పోయేది కాదు ఇది, నాకు తెలుసు.

తమ్ముడు

*

మిషను దగ్గర నుంచి,
మార్చి 18

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెడదామనుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. ఆయన గొంతు దగ్గర నీ డాబుసరి ఏమిట్రా? సంచిలోంచి సూపు పోస్తే నాకేం చిన్నతనం? నేను మాత్రం ఏం చేస్తున్నాను, ఎవరి కిటికీలకో గుడ్డలు కుడుతున్నాను. ‘రాదు’ అని ఒక్క మాట రాసుంటే పొరుగావిడని అడిగేదాన్ని.

కోప్పడే ఓపిక కూడా రెండు రోజుల్లో అయిపోయింది.

ఫోటో తియ్యలేదు. మీ బావకి ఈ సంగతి చెప్పలేదు. చెప్తే నవ్వుతారు, నవ్వితే గొంతు నొప్పి. పాలు మళ్ళీ మొదలుపెట్టారు, నలభై ఎనిమిదీ మూడు వందలు. తూకానికి ఇంకా నలభై రోజులు.

నాకు ఇంకో దారి తోచడం లేదు. ఆయన వేరే ఏదీ వద్దంటున్నారు. అందుకని ఇలా చెయ్యి. నీ గదిలో, నీ పొయ్యి మీద, నీ చేత్తో చెయ్యి. అయ్యేదాకా చెయ్యి. అయ్యాక రాయి. చేసి చూడని ముక్క ఒక్కటి కూడా రాయకు. ఇకమీదట నాకు అబద్ధం రాశావంటే, తమ్ముడు లేడనుకుంటాను.

మీ అక్క

*

నా గదిలోంచి,
ఏప్రిల్ 2

అక్కకి,

ఎనిమిదిసార్లు చేశాను. పని దిగి వచ్చి చెయ్యడమే. గదిలో ఒక్క పొయ్యి, రెండు గిన్నెలు. మొదటి నాలుగూ పారబోశాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, బంగాళదుంప ఉడకబెట్టడం కూడా మళ్ళీ నేర్చుకున్నాను.

కింది వాటాలో ఒక మామ్మగారున్నారు, నోట్లో ఒక్క పన్ను లేదు. ఉండలు ఆవిడకి పెట్టి చూస్తున్నాను. ఐదోసారి ‘ఇది ఎవరి చెప్పు నాయనా’ అన్నారు. ఏడోసారి ఒకటి మింగి, చాలంటూ గిన్నె ముందుకి జరిపారు. ఎనిమిదోసారి చిగుళ్ళతో నలిపి మింగి, ఇంకో రెండు అడిగారు. అప్పుడు ఇది రాస్తున్నాను. ప్రతి ముక్కా చేసి చూసిందే.

దుంపలు తొక్కతోనే ఉడికించు. తొక్క తీసి ఉడికిస్తే నీళ్ళు పీల్చుకుంటాయి, అప్పుడు మైదా ఎక్కువ పడుతుంది, మైదా ఎక్కువైతే గట్టిపడతాయి. మనం చేసిన తప్పు అదే. నేను చేసిన తప్పు. వేడిమీదే తొక్క వొలిచి, జల్లెడలోంచి నొక్కి, పళ్ళెంలో పరిచి ఆవిరి పోనివ్వు. మూడు పెద్ద దుంపలకి ఒక గుడ్డు పచ్చసొన, ఐదు చెంచాల మైదా. పిసకొద్దు. నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు చేతుల్లోకి తీసుకో, ముద్ద అయిందనిపించగానే ఆపు. సన్నటి తాడులా చేసి, గోరంత ముక్కలు కొయ్యి. శనగగింజ కన్నా కాస్త పెద్దవి, అంతే. విడిగా ఉప్పునీళ్ళలో, సన్న మరుగు మీద వెయ్యి. మునుగుతాయి. పైకి తేలగానే చిల్లుల గరిటెతో తీసెయ్యి. సూపులో ఉడికించకు, తినేముందు వెయ్యి.

సూపుకి: ఎముకతో ఉన్న మాంసం ఉల్లిపాయ, క్యారెట్టుతో గంటన్నర నెమ్మదిగా కాగనివ్వు. మాంసం పీచులు తీసి, బావ కోసం ఆ పీచుల్ని కూడా కత్తితో సన్నగా తరుగు. ఇంకో గిన్నెలో వెన్న కరిగించి రెండు చెంచాల మైదా వేసి, పచ్చివాసన పోయేదాకా తిప్పు, రంగు మారనివ్వకు. అందులో మాంసం నీళ్ళు గరిటెడు గరిటెడుగా పోస్తూ తిప్పు. తర్వాత గోరువెచ్చటి పాలు. పాలకూర మెత్తగా నూరి వెయ్యి, ఆకుగా వేస్తే గొంతుకి అంటుకుంటుంది. మీగడ మాత్రం పొయ్యి ఆర్పేశాక. మంట మీద పోస్తే విరుగుతుంది. మూడుసార్లు విరిగింది నాకు. మిరియాలు వద్దు, ఆయన గొంతు మండుతుంది. అట్టముక్క మీద మిరియాలున్నాయి కానీ అట్టముక్కకి బావ గొంతు సంగతి తెలియదు.

నడుము పట్టేసింది. అయినా పన్నెండేళ్ళ తర్వాత ఒళ్ళు అలిసినందుకు ఏదో ఒకటి చేతికొచ్చింది. ఒక్కటి అడగనా అక్కా? నీ ఉత్తరాల్లో బావ ఎన్ని చెంచాలు తిన్నాడో ఉంది. నువ్వు ఏం తిన్నావో ఒక్కదాంట్లోనూ లేదు.

తమ్ముడు

*

మంచం మీద నుంచి,
ఏప్రిల్ 19

ఏమోయ్ బావమరిదీ,

మీ అక్క పరదాలు అప్పజెప్పడానికి కొట్టుకి వెళ్ళింది. గంటదాకా రాదు. ఈ కాగితం డ్రైవరు చేతికి నేనే ఇస్తాను, ఆమెకి తెలియకూడదు.

మొదట నీకు అభినందనలు. నన్ను చంపబోయి, మళ్ళీ పెంచుతున్నావు. ఉండలు నోట్లో పెట్టుకుంటే పళ్ళతో పనిలేకుండా జారిపోతున్నాయి. రోజుకి రెండు గిన్నెలు తింటున్నాను. బల్ల దగ్గర కూర్చునే తింటున్నాను.

సంచుల సంగతి నాకు పదకొండేళ్ళుగా తెలుసోయ్. నా బస్సు పక్కనే ఆ చల్లబండి ఆగేది. పెట్టెలు దింపడానికి ఒకసారి నేనూ చెయ్యి వేశాను. నీ మొహం చూసి ఎప్పుడూ అడగలేదు. మీ అక్క సూపు అడిగి రాస్తే నువ్వు తడబడతావు, ఉత్తరాలు అటూ ఇటూ తిరుగుతాయి, ఆ కొద్ది రోజులూ నాకు చెంచా బాధ తప్పుతుందనుకున్నాను. ఇలా ఉక్కిరిబిక్కిరి చేస్తావని అనుకోలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నాకు రుచి తెలియడం లేదు. రేడియేషన్ రెండో వారంలోనే పోయింది. ఉప్పూ లేదు, తీపీ లేదు, పాలకీ నీళ్ళకీ తేడా లేదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు, ఆమె గదిలో లేనప్పుడు. మొదటి జిగురూ, ఈ సూపూ నా నోటికి ఒకటే. వెచ్చగా, తడిగా ఏదో పోతుంది. మింగడం పని, బస్సు నడపడం లాగే. నిద్రొచ్చినా నడిపాను, ఇదీ అంతే.

కానీ ఆమె గరిటె పట్టుకుని నిలబడి నా మొహం చూస్తుంది. వారం పది రోజులుగా కాస్త నవ్వుతోంది. ఏ రుచీ తెలియని మనిషికి వండుతున్నానని తెలిస్తే ఆ చేతులు పడిపోతాయి. అందుకని రోజుకో వంక కనిపెట్టి పలక మీద రాస్తున్నాను. ‘ఇవాళ వెన్న బాగా తెలుస్తోంది.’ ‘క్యారెట్టు నిన్నటి కన్నా తియ్యగా ఉంది.’ నా దగ్గర మాటలు అయిపోతున్నాయి. నువ్వు ఆ సూపు రుచి ఎలా ఉంటుందో, ముందు ఏం తెలుస్తుందో, వెనక ఏం మిగులుతుందో ఒక పేజీ రాసి పంపు. చూసి రాసుకుంటాను. డ్రైవరు చేతికే ఇవ్వు.

ఆమెతో అనకు. ఇది నా కోసం చెయ్యి.

బావ

*

బల్ల దగ్గర నుంచి,
ఏప్రిల్ 30

చిన్నోడికి,

నిన్న తూకం చూశారు. నలభై తొమ్మిదీ వంద. గొట్టం అక్కర్లేదన్నాడు డాక్టరు. మళ్ళీ మూడు నెలల తర్వాత రమ్మన్నాడు. తూకం బల్ల దగ్గర నర్సు ఏమనుకుందో, నన్ను కూడా ఎక్కమంది. ఆ అంకె నీకు రాయను.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఇప్పుడు ఆయనతోపాటు కూర్చుని నేనూ ఒక గిన్నె తింటున్నాను. ఇన్నాళ్ళూ వండి, మొన్న శుక్రవారందాకా దాన్ని నేను రుచి చూడలేదు. ఉప్పు చూడాలంటే గరిటె అంచు నాకి చూడాలి కదా, అంత తీరిక కూడా లేక నువ్వు రాసిన కొలతనే నమ్ముకున్నాను.

శుక్రవారం ఉదయం కొట్టు ఆవిడ వచ్చి కూర్చుంది, మాటల్లో పడి సూపులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. ఉండలు ఉడికించిన నీళ్ళలోనూ వెయ్యలేదు. మీ బావకి పెట్టాను. రెండు చెంచాలు తిని, పలక తీసుకుని రాశారు: ‘ఇవాళ ఉప్పు ఒక పిసరు ఎక్కువైంది. అయినా బాగుంది.’

నా గిన్నె నేను అప్పుడే నోట్లో పెట్టుకున్నాను. ఉత్త పిండి, పాలు. ఆయన మొహంలోకి చూశాను. నేను నమ్మానా లేదా అని ఆయన నా మొహంలోకి చూస్తున్నారు.

ఎన్నాళ్ళ నుంచో నాకు తెలియదు. లెక్క వేసుకుంటే చాలా వెనక్కి వెళ్తోంది, వెయ్యడం మానేశాను. లేచి గిన్నెలు తీస్తున్నట్టు పంపు దగ్గరికి వెళ్ళి, నీళ్ళు గట్టిగా వదిలి ఏడ్చాను. వచ్చి కూర్చుని, ‘రేపు తగ్గిస్తాలెండి’ అన్నాను. ఆయన తృప్తిగా తలూపి, గిన్నె ఖాళీ చేశారు.

ఆ మర్నాడు సరిగ్గా వేశాను. ‘ఇవాళ కుదిరింది’ అని రాశారు.

నీకు ఈ సంగతి ముందే తెలుసేమోనని నా అనుమానం. తెలిస్తే ఆయనకి మాట ఇచ్చి ఉంటావు. నాకు అబద్ధం రాయొద్దని నేనే అన్నాను. కాబట్టి దీనికి మాత్రం జవాబు రాయకు.

పాలకూర ఎండలకి దొరకడం లేదు. దాని బదులు ఏం వెయ్యొచ్చో, చేసి చూసి రాయి.

మీ అక్క